జుప్నిక్ ఉంగరం ఏ చేతికి?

కారు అద్దం జానెడు కూడా లేదు. ఆ జానెడు అద్దం పట్టాల మీదికి పొడుచుకొచ్చినందుకు ముప్పై మీటర్ల ట్రామూ, అందులో నలభైమందిమీ జూన్ ఎండలో ఇలా ఉడుకుతున్నాం. ఎవడో ఆ మహానుభావుడు, బూడిదరంగు కారు రోడ్డు వారన వదిలేసి, రెండు నిమిషాల్లో వచ్చేస్తాలే అనుకుని ఏ రొట్టెల కొట్లోకో దూరి ఉంటాడు. డ్రైవరమ్మ గంట కొడుతూనే ఉంది. ఆ మోతకి వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చి చూస్తోంది, వాడు తప్ప. తొమ్మిదీ యాభై అయింది. పదకొండింటికి మా వీడియో గేమ్‌కి తాళం పడుతుంది, ఆ తర్వాత అందులో ఒక్క గీత మార్చడానికి ఎవరికీ వీల్లేదు, నేనేమో ఇక్కడ. దిగి నడుద్దామంటే ఎడమకాలికి కట్టు, పోయిన గురువారం స్టూడియో మెట్ల మీద మడతపడింది. టాక్సీ పిలుద్దామంటే ఈ వూచ్ నగరంలో తవ్విపోయని వీధి లేదు, ఏ టాక్సీవాడూ ఇటు రానంటాడు. మా పని మొత్తం నడిపించే రాదెక్ పంపిన మెసేజ్ మళ్ళీ చదివాను, మొదటిసారి చదివినప్పుడు కోపం చాలినంత రాలేదేమో అన్నట్టు. "ఎదితా, పదకొండులోగా జుప్నిక్ ఉంగరం ఏ చేతిదో తేల్చే బొమ్మ ఒక్కటి చూపించు. లేదంటే ఉంగరం మొత్తానికే తీసేస్తున్నాం. గొడవ వదిలిపోతుంది." గొడవ వదిలిపోతుందట! తలనొప్పి వస్తే తల తీసేసే రకం.

జుప్నిక్ మా గేమ్‌లో విలన్. ఉప్పుగనికి పెద్ద అధికారి, వాడి కథ అల్లింది నేనే. పెళ్ళాం చచ్చిపోయిందంటే నమ్మడు, గనిలో ఎక్కడో దారితప్పిందంటాడు, ఆవిణ్ణి వెతకడానికి ఊళ్ళో పిల్లాజెల్లా అందర్నీ భూమిలోకి దింపి తవ్విస్తుంటాడు. అంతే అతని దుర్మార్గం. కొమ్ముల్లేవు, కోరల్లేవు, నోట్లోంచి మంటల్లేవు. కుడిచేతికి పెళ్ళి ఉంగరం, అంతే. ఆట మొత్తం, ఇరవై గంటల పాటు, అది కుడిచేతికే ఉండాలి. ఎందుకంటే మా దేశంలో పెళ్ళైనవాళ్ళం ఉంగరం కుడిచేతికి పెట్టుకుంటాం, ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవాళ్ళు ఎడమచేతికి మార్చుకుంటారు, ఇది బడికెళ్ళే పిల్లలకి కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆట చివర జుప్నిక్ గని అడుగున కూర్చుని, ఉంగరం కుడిచేతి నుంచి తీసి ఎడమచేతికి పెట్టుకుంటాడు. మాట లేదు, సంగీతం లేదు. ఆ ఒక్క కదలిక కోసం మూడేళ్ళు పనిచేశాం. మరి ఆ కదలిక చూసి ఎవడికైనా ఏదైనా అనిపించాలంటే అంతవరకూ ఉంగరం కుడిచేతికి ఉండి ఏడవాలి కదా! అది ఉండదు. ఒకచోట కుడి, ఒకచోట ఎడమ, మళ్ళీ కుడి. తల ప్రాణం తోకకి వచ్చింది నాకు.

ఉంగరం సంగతి అటుంచండి, మనిషే ఒక్కడు కాదు. ఇంత చిన్న ఫోన్ తెరమీద అయిదుగురు జుప్నిక్‌లని పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. గనిలో నడిచేవాడికి మచ్చ ఎడమ చెంప మీద, మాట్లాడేటప్పుడు కనిపించే ముఖానికి కుడి చెంప మీద. మా దగ్గర ముఖాలు చేసే హుబెర్ట్ ఘనకార్యం అది. సగం ముఖం చేసి, మిగతా సగం అద్దంలో తిప్పినట్టు తిప్పి అతికించి, మచ్చ వేసే వేళకి ఏది ఏ వైపో మర్చిపోయాడు. అడిగితే "ఎవరు చూస్తారు ఎదితా, చీకట్లో తిరిగేవాడే కదా" అన్నాడు. కోటు నేను చెప్పింది బూడిద రంగు, ఉప్పు పేరుకున్న బూడిద రంగు. బొమ్మలకి రంగులు వేసే మల్వీనా పచ్చకోటు వేసింది. ఎందుకమ్మా అంటే బూడిదరంగు తెరమీద దిగులుగా ఉందట. విలన్ దిగులుగా కాక కులాసాగా ఉంటాడా? మొదట్లో వచ్చే వీడియో బయటివాళ్ళకిచ్చాం. వాళ్ళు మీసం చాలదని బారెడు గడ్డం పెట్టి పంపారు, ఉంగరం గురించి నేను రాసిన మూడు పేజీల మెయిల్‌కి ఒక బొటనవేలి బొమ్మ జవాబిచ్చారు. గోడమీద అంటించే పోస్టర్‌లో వాడికి నడుము సన్నం, భుజాలు ఎద్దు భుజాలు. పటం మూలన నిలబడే బుల్లి జుప్నిక్కి ఏకంగా బట్టతల. పోయిన వసంతంలో నమూనా ఆట వదిలామో లేదో, ఎవడో పనిలేనివాడు అయిదూ నెట్‌లో వరసగా పెట్టి, "జుప్నిక్ గారికి నలుగురు తమ్ముళ్ళు. ఉప్పుగని ఎవరికి రాసిచ్చారో చెప్పగలరా?" అని రాశాడు. పన్నెండువేలమంది నవ్వారు. నేనూ నవ్వాను మొదట. తర్వాత బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

"బండివాడు దొరికాడా?" అని నా ఎదుటి సీట్లో పెద్దావిడ అడిగింది, నేనేదో ట్రామ్‌ల మంత్రినైనట్టు. ఒళ్ళో పెద్ద సంచి, అందులోంచి సోపాకు, లేత క్యాబేజీ తొంగిచూస్తున్నాయి. కాళ్ళ దగ్గర స్ట్రాబెర్రీ బుట్ట. బజారు నుంచి వస్తోంది. లేదండీ, వెతుకుతున్నారట అన్నాను. "మా రోజుల్లో అయితే పదిమంది దిగి కారెత్తి పక్కన పెట్టేవాళ్ళు. ఇప్పటి మగవాళ్ళకి ఫోనెత్తడానికే ఓపిక లేదు" అంది వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా. వెనకాల ఎవరో "పిన్నిగారూ, మీరే ఓ చెయ్యి వేయండి, మేము సోపాకు పట్టుకుంటాం" అన్నాడు. నలుగురు నవ్వారు. ఆవిడ నా కాలి కట్టు చూసింది, నా చేతి ఉంగరం వంక చూసింది. "అయ్యో, ఈ కాలితో ఇక్కడ కూర్చోవడం ఏంటమ్మాయ్? మీ ఆయనకి ఫోన్ చెయ్యి. సైకిలేసుకునైనా వస్తాడు" అంది. "ఆయన పనిలో ఉన్నారండీ" అన్నాను.

ఎంత గబుక్కున వచ్చేస్తుంది నోట్లోంచి ఆ ముక్క! గ్యాసువాడితో చెప్పాను, బ్యాంకు అమ్మాయితో చెప్పాను, మందులషాపులో చెప్పాను. ఆయన పనిలో ఉన్నారండీ. అబద్ధం కూడా కాదు, పనిలో ఉండగానే పోయాడు, మంగళవారం, పది దాటాక, ఎవరివో పై పళ్ళ సెట్టు ముందు పెట్టుకుని. నోర్బెర్ట్ కట్టుడు పళ్ళు చేసేవాడు. రెండేళ్ళయింది. అందరూ అనుకుంటారు, మొగుడు పోయాడు గనుక ఎదితా ఈ ఉంగరం కథ అల్లుకుందని. కాదు మహాప్రభో! ముందు జుప్నిక్ పెళ్ళాం పోయింది, ఆ తర్వాతే నా మొగుడు. ఉంగరం సంగతి నేను మొదట చెప్పింది నోర్బెర్ట్‌కే, వంటింట్లో, అతను బంగాళదుంపలు చెక్కు తీస్తుంటే. "బాగుంది, కానీ నీ వాడి పళ్ళు అబద్ధం" అన్నాడు. ఉప్పు గాలిలో ముప్పై ఏళ్ళు ఉన్నవాడికి పాలలాంటి పళ్ళేంటి అని లోపలికి వెళ్ళి, తను పళ్ళ రంగు సరిచూసుకునే ముక్కల గుత్తి తెచ్చి, నా బొమ్మ పక్కన ఒక్కొక్కటే పెట్టి చూశాడు. ఏ-మూడున్నర, ఇదీ వాడి రంగు, ఎవరేం చెప్పినా మార్చకు అన్నాడు. మార్చనివ్వలేదు. హుబెర్ట్‌తో పోట్లాడాను, బయటి వీడియో వాళ్ళకి పళ్ళ రంగు గురించి విడిగా ఇంకో రెండు పేజీలు రాశాను. ఇప్పుడీ అయిదుగుర్నీ వరసగా చూస్తుంటే మచ్చ వేరు, కోటు వేరు, మీసం వేరు, బట్టతల ఒకటి, నోరు తెరిస్తే మాత్రం అయిదుగురివీ ఒక్కటే పళ్ళు. ఇంతకాలం ఇది నా కంట పడలేదు. కళ్ళు మండుతున్నాయి, ఎండ కాబోలు, ఈ ట్రామ్‌లో కిటికీలు తెరుచుకుని చస్తేగా.

పదీ ఇరవై. నా పని నేను చూసుకోవాలి. రాదెక్‌కి ఆధారం కావాలి కదా, ఒక్కటి చాలు, మొదట ఉంగరం కుడిచేతికే అని గీసిన బొమ్మ. అది చూపించి, ఎడమచేతికి ఎవరెవరు వేశారో వాళ్ళ పేర్లు చదివి, ఒక్కొక్కరి చెవులూ పిండాలి. మల్వీనా చెవి ముందు పిండాలి. పోయినేడు మార్చిలో ఆ అమ్మాయి దీపం పట్టుకున్న జుప్నిక్‌ని వేసినప్పుడు ఉంగరం ఎడమచేతికి వేసింది. అందరి ముందూ అరిచాను. "ఫోటోలో ఎలా ఉందో అలాగే వేశాను ఎదితా" అంది. "ఫోటో కాదు తల్లీ, కథ చూడాలి! ఎడమచేతికి ఉందంటే పెళ్ళాం చచ్చిందని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ఇంక గేమ్ ఎందుకు? పొలంలో క్యాబేజీ వేసుకుంటాడు" అన్నాను. అప్పుడు మల్వీనా ఏదో చెప్పబోయి హుబెర్ట్ వైపు చూసింది. హుబెర్ట్ కాఫీ కప్పులోకి చూశాడు. ఆ తర్వాత ఆ పిల్ల వెళ్ళి మెట్ల దగ్గర ఏడ్చిందని విన్నాను, నేను పట్టించుకోలేదు. ఫోటోలో ఎలా ఉందో అలాగే. ఏ ఫోటో?

ఏ ఫోటో ఏంటి, నాదే. జుప్నిక్ చేతులు నా చేతులు. చేతులు గీయడం ఎవరికీ రాదు మా దగ్గర, అయిదు వేళ్ళు సరిగ్గా వేసినవాడికి జీతం పెంచాలి. అందుకని నా పొడుగు వేళ్ళు చూసి, వీటికే నాలుగు వెంట్రుకలు పెడితే సరి అన్నాడు రాదెక్. అప్పట్నుంచీ ఏది కావాలన్నా నా చేతులే. ఎదితా, దీపం పట్టుకో. ఎదితా, బల్ల మీద గుద్దు. ఎదితా, తలుపు గొళ్ళెం తియ్యి. ఒకసారి సరదాగా మల్వీనా జుట్టు పట్టుకున్నట్టు కూడా తీశాం. ఆ ఫోటోలన్నీ ఈ ఫోన్‌లోనే ఉన్నాయి, ఎప్పుడు తీసిందీ తేదీతో సహా. వెనక్కి జరుపుతూ పోయాను. ఏడాదిన్నర కిందటి నవంబరు, దీపం, ఉంగరం కుడిచేతికి. హమ్మయ్య, దొరికింది ఆధారం. ఇంకో నాలుగు చూద్దామని ముందుకు జరిపాను. జనవరి, బల్లమీద పిడికిలి, ఉంగరం ఎడమచేతికి. అద్దంలా తిరగబడిందేమో అనుకున్నాను. వెనకాల గోడమీద గడియారం ఉంది, అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఫిబ్రవరి, కుడి. మార్చి, దీపం మళ్ళీ, ఎడమ. మే, గొళ్ళెం, కుడి. ఆగస్టు, ఎడమ. సెప్టెంబరు, కుడి, ఆ తర్వాత అంతా కుడి. ఇవన్నీ నా చేతులే, నా ఉంగరమే, నా గోళ్ళకి అంటిన రంగే.

జనవరిలో మార్చాను, అవును. మా అత్తగారు ఫోన్ చేసి, ఇంక మార్చుకోవే, జనం ఏమనుకుంటారు, వాడు పోలేదన్నట్టు తిరుగుతావేంటి అంది. సరే అని మార్చాను, మూడు వారాలు. ఎడమచేతికి వదులు, స్నానం చేస్తుంటే జారిపోయింది, మోకాళ్ళమీద కూర్చుని వెతికి, దొరకగానే కుడిచేతికి తోసేశాను. మార్చిలో మళ్ళీ ఎందుకు మార్చానో గుర్తులేదు. మేలో తిరిగి కుడికి పెట్టుకున్నది గుర్తుంది, ఏదో కాగితం మీద వితంతువు అని రాయమన్నారు, రాసి ఇంటికొచ్చి పెట్టుకున్నాను. ఇదంతా ఎవరికీ కనబడదనుకున్నాను, ఇంత చిన్న ఉంగరం, ఎవరు చూస్తారు అనుకున్నాను. చేతులు గీసేవాళ్ళ మధ్య కూర్చుని! నేనిన్నాళ్ళూ నెత్తీ నోరూ కొట్టుకుని తిట్టింది నన్నే. మచ్చ హుబెర్ట్ తప్పే, అందులో నేను తగ్గను, పచ్చకోటు మల్వీనా పాపమే. కానీ ఉంగరం నాది. ఆ పిల్ల ఏడ్చింది, అయినా నీ చెయ్యే ఎదితా అని ఒక్క ముక్క అనలేదు. ఛీ, నా బతుకు.

ఫోన్ మోగింది. రాదెక్. "ఎక్కడున్నావే తల్లీ? పదీ ముప్పై అయిదు. దొరికిందా బొమ్మ?"

"దొరికింది. రాదెక్, మీకందరికీ తెలుసా?"

ఎవరో తలుపు వేసిన చప్పుడైంది. "మల్వీనా మార్చిలోనే కనిపెట్టింది" అన్నాడు గొంతు తగ్గించి. "నాకు చెప్పింది. నీకెవరు చెప్తారు? నువ్వు మచ్చ కోసమే హుబెర్ట్‌ని చంపేలా ఉన్నావు. ఉంగరం మొత్తానికే తీసేస్తే నువ్వు ఇంక ఆ ఫోటోల జోలికి పోనవసరం లేదనుకున్నాను. అంతే, ఇంకేం లేదు."

తల తీసేసే రకం అనుకున్నాను వీణ్ణి. వీడికి జాలి కూడా ఇంత మొరటుగానే వస్తుంది. ఎదురుగా పెద్దావిడ నన్నే చూస్తోంది, ఇంక వినట్లేదన్నట్టు నటించడం కూడా మానేసింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అయిదు జుప్నిక్‌లనీ, ఆటలో వచ్చే దృశ్యాలనీ వేళ్ళమీద లెక్కపెట్టాను. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ, ఆ తర్వాత చాలాసేపు కుడి, ఆఖరికి గని అడుగు. ఈ వరస నాకు తెలుసు.

"రాదెక్, తియ్యొద్దు. ఎక్కడున్నది అక్కడే ఉంచు. మార్చుకుంటాడు, ఉండలేక మళ్ళీ వెనక్కి పెట్టుకుంటాడు. వాడికే తెలియడం లేదు, మనమెవరం తేల్చడానికి?"

"ఆడేవాళ్ళు తప్పనుకుంటారు. మళ్ళీ వరసగా పెట్టి నవ్వుతారు."

"నవ్వనీ. ఎవరికి తెలియాలో వాళ్ళకి తెలుస్తుంది."

"మరి మచ్చ?"

"మచ్చ ఎడమ చెంప మీదే. హుబెర్ట్‌ని ఇప్పుడే కూర్చోబెట్టు. కోటు బూడిద రంగు. పచ్చకోటుతో ఆట బయటికొచ్చిందంటే మీలో ఎవరినీ బతకనివ్వను. ఆ బట్టతలకి జుట్టు పెట్టండి. మల్వీనా పక్కనుందా? ఉండనీ, వద్దు, నేనే వచ్చి చెప్తాను."

ఫోన్ పెట్టేశాను. బయట కేకలు వినబడ్డాయి. కారువాడు వచ్చాడు, చేతిలో నిజంగానే రొట్టెల సంచి. డ్రైవరమ్మ కిందికి దిగి వాడికి వాడి అమ్మానాన్నల దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ చెబుతోంది, వాడు రెండే నిమిషాలండీ అంటున్నాడు, ట్రామంతా ఒక్క గొంతుతో "యాభై!" అని అరిచింది. నేనూ అరిచాను, అందరికన్నా గట్టిగా. అరిచాక కాస్త తేలికపడింది.

"మీ ఆయనేనా ఫోన్లో?" అంది పెద్దావిడ.

"కాదండీ. మా ఆయన లేరు. పోయి రెండేళ్ళయింది." ఇందాక అబద్ధమాడానని అనుకుంటుందేమో, అనుకోనీ. ఆవిడ ఏమీ అనుకోలేదు. నా కుడిచేతి వంక చూసి, తన ఎడమచెయ్యి సంచి మీద నుంచి తీసి చూపించింది. వేలు లావెక్కి ఉంగరం సగం కండలోకి దిగిపోయి ఉంది. "నాకు తొమ్మిదేళ్ళు" అంది. "మార్చుకో మార్చుకో అని మా అక్క, మా చర్చి ఫాదరు, పక్కింటి మహాతల్లి, అందరూ చెవులు తినేశారు. నేను మార్చనంటే మార్చనన్నాను. ఓ ఈస్టరు ముందు పిండి పిసుకుతూ ఉంగరం తీసి కిటికీలో పెట్టాను. చేతులు కడుక్కుని, పొయ్యిమీదేదో మాడుతోందని గబగబా పెట్టుకున్నాను. ఏ చేతికి పెట్టుకున్నానో చూసుకోలేదు. పండగ నాలుగు రోజులూ చూసుకోలేదు. చూసుకున్నాక, సరే, ఉంది కదా, ఉండనీలే అనుకున్నాను." బుట్ట మీది బట్ట తీసి రెండు స్ట్రాబెర్రీలు నా చేతిలో పెట్టింది. "తిను. ముఖం చూడు ఎలా అయిందో."

తిన్నాను. ఇంకా ఇసక తగులుతోంది వాటికి. ట్రామ్ ఒక్క కుదుపుతో కదిలింది. ముందుకు తూలిన సంచిని నేనూ ఆవిడా కలిసి పట్టుకున్నాం. పదీ నలభై నాలుగు. నాలుగో స్టాపులో దిగాలి, అక్కడ్నుంచి పాత నూలుమిల్లు ఆవరణ దాటి రెండో అంతస్తు, ఈ కాలితో. పదకొండుకి చేరడం అసాధ్యం. రాదెక్‌కి మళ్ళీ ఫోన్ చేశాను. "మళ్ళీ ఏంటి?" అన్నాడు భయంగా.

"చివరి దృశ్యం తప్పు."

"ఎదితా! ఇరవై నిమిషాలు లేవు!"

"నాకు తెలుసు గడియారం చూడటం. అరవకు, విను. జుప్నిక్ అలా కూర్చుని, ఉంగరం తీసి, చూసి, పెట్టుకోడు. ఎవరూ అలా పెట్టుకోరు. చేతులకి ఉప్పు పేరుకుంది కదా, కడుక్కోవడానికి ఉంగరం తీసి రాతి మీద పెడతాడు. కడుక్కుంటాడు. లేచి వెళ్ళబోతూ పెట్టుకుంటాడు. ఏ చేతికో చూసుకోడు. మనం చూస్తాం."

అటువైపు రాదెక్ ఊపిరి వినబడింది, పెద్ద ఊపిరి. తాళం రేపు సాయంత్రానికి జరపాలంటే ఎవరెవరి కాళ్ళు పట్టుకోవాలో లెక్క వేసుకుంటున్నాడు, నాకు తెలుసు. "చేతుల ఫోటోలు కావాలి" అన్నాడు చివరికి. "కడుక్కుంటున్నట్టు."

"నీళ్ళు పెట్టి ఉంచు" అన్నాను. "వస్తున్నాను."